మావయ్య కడిగిన యాటు

మా మావయ్య పోయాడన్న కబురు పొద్దున్నే, స్టవ్ మీద టీ గిన్నె ఉండగా వచ్చింది. ఫోను చేసింది అత్తే. ఏడవలేదు. "మీ మావయ్య ఎలిపోనాడే అమ్మీ. లేచి మొహం కడుక్కున్నాడు. టీలో మీగడ తేలిందని ఛీ అన్నాడు. అలా గోడకి చేరబడ్డాడు, బస్, అంతే," అంది. నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. తొంభై దాటిన మనిషి ఆఖరి మాట 'ఛీ' అయిందంటే వినేవాళ్ళకు అయ్యో అనిపిస్తుంది. మావయ్యను ఎరిగినవాళ్ళకు మాత్రం అలా అనిపించదు. ఆయన ఇంకేదైనా అని పోయుంటేనే నేను నమ్మేదాన్ని కాదు.

ఆయన మా అమ్మకు తమ్ముడు. స్వతంత్రం వచ్చిన కొత్తలో సర్కారు శ్రీకాకుళం వైపు నుంచి చేపలు పట్టే కుటుంబాలను ఓడెక్కించి ఈ అండమాన్‌కు తెచ్చినప్పుడు, మీసాలు మొలుస్తున్న వయసులో అక్కాబావలతో పాటు వచ్చాడు. వల మీద మనసు నిలవలేదు. ఫీనిక్స్ బే జెట్టీలో ఫెర్రీ మీద తాళ్ళు లాగే పనికి కుదిరి, చివరికి ఆ ఫెర్రీ నడిపే సరంగు అయ్యాడు. నేను ఇక్కడే పుట్టాను, ఫెరార్గంజ్‌లో రైతుల ఇంటికి కోడలిగా వెళ్ళాను, ఇప్పుడు ఆస్టినాబాద్‌లో మోకాళ్ళ నొప్పులతో ఉంటున్నాను. నాకు నోటి దురుసు ఎక్కువని మా ఇంట్లో పేరుంది. అది ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

మావయ్యకు అసహ్యాలు చాలా ఉండేవి. టీ మీద మీగడ అసహ్యం. ఐసులో నిలవ వేసి కళ్ళు తెల్లబడిన చేప అసహ్యం. జెట్టీ మెట్ల మీద కిళ్ళీ ఉమ్మేసేవాళ్ళు కనిపిస్తే, టిక్కెట్ల వరుస అంతా వినేలా "గందా మనిషీ, మీ ఇంట్లో మంచం మీద ఉమ్ముతావా?" అని అడిగేవాడు. చేతికి అంటిన నూనె తెరచాపకు తుడిచినవాణ్ణి ఒకసారి పడవ నుంచి దింపేశాడు. గుళ్ళో పాస్టరుగారు ప్రార్థన సాగదీస్తే నా పక్కకు వంగి, "దేవుడికి సెవుడేటే? ఒక్కసారి సెప్తే ఇనడా?" అనేవాడు. మా తెలుగు సంఘంలో చాలామందికి ఆయనంటే బెరుకు. నాకు మాత్రం ఆయన పక్కన కూర్చుంటే గాలి తేటగా ఉన్నట్టుండేది. పాడైనదాన్ని బాగుందని ఆయన ఎన్నడూ అనలేదు, మర్యాద కోసం కూడా.

ఆయన ముచ్చటపడి మెచ్చుకున్నది ఒక్కటే, ఆయన యాటు. తెల్లదొరల కాలంలో ఎవరో కలప దొర సెలవు రోజుల్లో షికారుకని ఇక్కడి అడవుల్లో దొరికే పడౌకు కర్రతో చేయించుకున్న తెరచాప పడవ అది. దొర వెళ్ళిపోయాడు, పడవ బురదలో కూరుకుపోయింది, అందులో కోళ్ళు గుడ్లు పెట్టుకునేవి. మావయ్య దాన్ని అడిగి తెచ్చుకుని, సెలవు దొరికినప్పుడల్లా పలకలు మార్చి, నార కూరి, తారు పూసి మళ్ళీ తేలేలా చేశాడు. మధ్యలో నీళ్ళలోకి దిగే పలక ఒకటుంటుంది, దాన్ని పైకి లాగితే యాటు మోకాలి లోతు నీళ్ళలో కూడా పోతుంది. పక్కన తెలుగక్షరాల్లో 'నెమ్మది' అని పేరు రాసుకున్నాడు. పేరు ఏదైనా, దొరల ఇంగ్లీషు మాటనే పట్టుకుని అందరూ దాన్ని యాటనే అనేవాళ్ళు. దాంతో ఆయన చేపలు పట్టలేదు, సరుకు మొయ్యలేదు. ఆదివారం గుడి అయ్యాక మమ్మల్ని ఎక్కించుకుని తిప్పేవాడు. ఓ ఫెర్రీ సరంగుకు సొంత షికారు పడవ ఏమిటని జెట్టీలో వెక్కిరించేవాళ్ళు. ఆయన పట్టించుకోలేదు.

నా పెళ్ళికి ముందు అలాంటి ఓ ఆదివారం, దీవి నుంచి దీవికి ఈదుకుంటూ పోతున్న జింక మాకు ఎదురైంది. ఇక్కడి జింకలు ఈదుతాయి. నీళ్ళ మీద తల, కొమ్ములు మాత్రం కనిపిస్తున్నాయి. మాతో ఉన్న కుర్రాళ్ళు చూడండి చూడండి అని లేచి అరవబోతే మావయ్య చెయ్యెత్తి ఆపి, తెరచాప దింపేశాడు. యాటు కదలకుండా నిలబడింది. జింక అలిసిపోయి ఉంది, మా పక్కగానే, చేత్తో తాకేంత దగ్గరగా వచ్చింది. "ఎక్కుతావేటి? ఎక్కుతానంటే ఎక్కు," అన్నాడు దానితో, మనిషితో అన్నట్టు. అది కాసేపు పడవ నీడలో తేలి, మళ్ళీ కాళ్ళాడించుకుంటూ వెళ్ళిపోయింది.

తర్వాత నాకు చెప్పాడు. "మన ఊళ్ళో మా తాత సెప్పీవోడు. నీళ్ళలో ఈదతా పడవకాడికొచ్చిన పేణాన్ని ఎక్కించుకోవాల గానీ కొట్టకూడదు. పామైనా సరే. అది వేట కాదు, శరణు." చేపలు పట్టి బతికే జనం ఆ ఒక్క నియమాన్ని పట్టుకుని ఉన్నారు. బైబిల్లో లేదని పాస్టరుగారు అంటే, నోవహు ఓడలో ఎవరెక్కారో చూడమనేవాడు మావయ్య.

బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. కిటికీలకు నల్ల కాగితాలు అంటించుకున్నాం. సముద్రం కింద శత్రువుల జలాంతర్గామి తిరుగుతోందని జెట్టీలో ఒకరు చెబితే, ఫెరార్గంజ్ చేరేసరికి అవి పదయ్యేవి. నేవీవాళ్ళు ఖాడీల మొగల దగ్గర, అంటే సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చే పాయల నోటి దగ్గర, కాపలాకు పడవలు వెతుకుతున్నారు. సొంత తెరచాప పడవలున్న కొద్దిమందినీ అడిగారు. ఇంజను చప్పుడు ఉంటే అవతలి చప్పుడు వినపడదు, అందుకే తెరచాపే కావాలన్నారు. నేవీవాళ్ళే మావయ్య ఇంటికి వచ్చి బెంచీ మీద కూర్చుని, అత్త ఇచ్చిన టీ తాగి, మర్యాదగానే అడిగారు. ఆయన లోపలికి వెళ్ళి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి సరే అన్నాడు.

యాటుకు బూడిద రంగు కొట్టారు. నెమ్మది అన్న పేరు ఆ రంగు కింద మూసుకుపోయింది. అందుకు కూడా ఆయన చిరాకు పడలేదు. ఇద్దరు కుర్ర నావికులను ఎక్కించుకుని మావయ్యే నడిపేవాడు. వాళ్ళలో ఒకడు పంజాబీ, ఒకడు మలయాళీ, ముగ్గురికీ కలిసిన భాష వచ్చీరాని హిందీ. మాటలు అక్కర్లేదు, వినడమే పని అనేవాడు. ఆ రోజుల్లో ఆయన నోట ఛీ అన్న మాటే రాలేదు. అత్త నాతో అంది, "దేశం కోసం కాదే అమ్మీ, ఆ యాటు పనికొచ్చిందని మురిసిపోతన్నాడు." రెండూ నిజమే అయుంటాయి.

యుద్ధం ముగిసిందని రేడియో చెప్పగానే ఆ కుర్రాళ్ళకు ఓడ నుంచి పిలుపొచ్చింది. మావయ్యకు చేతులు జోడించి వెళ్ళిపోయారు. ఆయనకూ ఫెర్రీ డ్యూటీ తప్పలేదు. కాపలా పనులకు సాయంగా మా పేటలో పెద్దమనుషులు ఒక కమిటీ వేసుకుని ఉన్నారు, దానికి పెద్ద ఒక కలప కాంట్రాక్టరు. నేవీవాళ్ళు యాటును అప్పటికి ఆ కమిటీ చేతిలో ఉంచారు. "యుద్ధం ఖతమైనా కాపలా ఖతం కాదు కదా సరంగు భయ్యా. క్రిస్మస్ అయ్యాక మీ యాటు మీకు," అన్నాడు కాంట్రాక్టరు. మావయ్య నమ్మాడు. మీగడను, ఐసు చేపను అనుమానించినంత గట్టిగా మనుషులను అనుమానించడం ఆయనకు అప్పటికి రాలేదు.

క్రిస్మస్ వచ్చింది. మా రేకుల గుడి ముందు పందిరి వేసి, అరిటాకుల్లో భోజనాలు. బ్లాకౌట్ ఎత్తేశారు, అందరికీ ప్రాణం లేచొచ్చినట్టుంది. కాంట్రాక్టరు సంఘానికి మాంసం బహుమతిగా పంపాడు, గుండిగల నిండా జింక కూర. పాస్టరుగారు దానికోసం ప్రత్యేకంగా స్తోత్రం చేశారు. మన సంఘపు పడవ దేశానికి సేవ చేసింది, దానికి దేవుడు పంపిన విందు ఇది అన్నారు. మావయ్య మామూలుగా విందుల్లో కూరకు వంక పెట్టకుండా లేచేవాడు కాదు. ఆ రోజు మాత్రం ఇష్టంగా తిన్నాడు. "బాగుందిరా, మరో గరిటె ఎయ్యి," అని అడిగి మరీ వేయించుకున్నాడు. నేను వేవిళ్ళతో ఉండి ఆ వాసన పడక పక్కన గోడ దగ్గర కూర్చున్నాను. లేకపోతే నేనూ తినేదాన్నే, అందులో నా గొప్పేమీ లేదు.

అప్పుడు కాంట్రాక్టరు వరుసల మధ్యకు వచ్చి మావయ్య భుజం తట్టాడు. "సరంగు భయ్యా, మీ యాటు కమాల్ కీ చీజ్! ఇంజను లేదు, ఆవాజ్ లేదు. జింకలు ఈదుతా ఉన్నాయి, పక్కకి పోయి తుపాకీ పెట్టేదాకా వాటికి పతా నహీ. ఒకటైతే తనే మా వైపు ఈదుకుంటా వచ్చింది! ఎక్కించుకుంటాం అనుకుందో ఏంటో!"

అందరూ నవ్వారు. ఆకుల ముందు కూర్చున్నవాళ్ళు, వడ్డించేవాళ్ళు, ముందు వరుసలో పాస్టరుగారు, అందరూ. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన వాళ్ళే సగం మంది. ఆ నియమం తెలియనివాళ్ళు కారు. నోట్లో ముక్క ఉంది, ఇచ్చింది పెద్దమనిషి, నవ్వకపోతే బాగుండదు. నాకు అసహ్యం వేసింది చంపినవాడి మీద కంటే ఆ నవ్వు మీద. ఇన్నేళ్ళ తర్వాత కూడా వాళ్ళ పళ్ళు గుర్తున్నాయి నాకు.

మావయ్య చెయ్యి ఆకులోనే ఆగిపోయింది. లేచాడు. గుడి వెనక్కి వెళ్ళి కక్కుకున్నాడు. నేను చెంబుతో నీళ్ళు తీసుకెళ్తే పుక్కిలించాడు. ఛీ అంటాడని చూశాను. అనలేదు. విందు దగ్గరకు తిరిగి రాకుండా ఇంటికి వెళ్ళిపోయాడు. పాపం, కాపలా పనిలో అలిసిపోయాడు అని ఒకావిడ జాలిపడి, ఆయన ఆకులో మిగిలిన ముక్కలు కుక్కకు వేసింది.

యాటును చెప్పిన మాట ప్రకారం పండగ అయ్యాకే అప్పజెప్పారు. ఖాడీ ఒడ్డున కట్టేసి పోయారు. అడుగు పలకలు నల్లగా, జిగటగా, వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. సీసా పెంకులు. ఈగలు. ఏం అంటిందో తెలియని చేతులు తుడిచిన మరకలు తెరచాప నిండా. దేశ సేవ చేసిన పడవ ఇది. మావయ్య కుంకుడుకాయల రసం, కొబ్బరి పీచు పట్టుకుని దిగాడు. అత్త దిగింది, వాళ్ళు వద్దన్నా నేనూ దిగాను. కడిగాం. బూడిద రంగు గీకేశాం, నెమ్మది అన్న పేరు మళ్ళీ కనిపించింది.

ఆ తర్వాత ఆయన దాన్ని ఒక్కసారి కూడా సముద్రంలోకి తియ్యలేదు. శనివారం శనివారం కడిగేవాడు, ఆదివారం మమ్మల్ని తిప్పబోతున్నట్టే. తెరచాప ఉతికి, ఎండబెట్టి, మడిచి అటక మీద పెట్టేవాడు. పలక పుచ్చితే మార్చేవాడు. సునామీ వచ్చినప్పుడు అందరం కొండెక్కాం, యాటు కొబ్బరి చెట్ల మధ్యకు కొట్టుకొచ్చి నిలిచింది. ఆయన దాన్ని మళ్ళీ ఒడ్డుకు దించి, మళ్ళీ కడిగాడు. "బద్‌బూ పోలేదే," అనేవాడు. నేను వంగి వాసన చూసేదాన్ని. కుంకుడు వాసన, తడి కర్ర వాసన, అంతే.

ఒకసారి చెప్పాను. "మావయ్యా, నాకేం వాసన రావట్లేదు. నీ బుర్రలో ఉంది ఆ వాసన."

పీచు పక్కన పెట్టి నా వైపు చూశాడు. "నీకెందుకొస్తాది? నువ్వు తిన్నావేటి? నేను తిన్నాను. బాగుంది అన్నాను. రొండోసారి అడిగి తిన్నాను."

ఆయన అసహ్యాలన్నీ ఇతరుల మీదే అనుకున్న మనుషులకు ఆ మాట వినిపించాలని ఉంటుంది నాకు. పాడు పని చేసినవాళ్ళు మర్నాటికి మరిచిపోయారు. తెలియక రెండు ముద్దలు తిన్నవాడు జీవితమంతా కడుక్కున్నాడు.

మరిచిపోవడం కూడా కాదు, ఎదిగారు. కాంట్రాక్టరు ఆ కాపలా రోజుల గురించి ఊరూరా సభల్లో చెప్పుకుని శాలువాలు కప్పించుకున్నాడు. ఆ కథలో జింకలు లేవు, ఆ ఇద్దరు కుర్రాళ్ళు లేరు, చివరికి మా మావయ్యా లేడు. తనే తెరచాప ఎత్తానని చెప్పేవాడట. కాంట్రాక్టరు పోయాక కొడుకు అందుకున్నాడు. సముద్రపు ఒడ్డున పార్కులో సిమెంటు దిమ్మ కట్టి, దాని మీద యాటును పెట్టి, కింద వాళ్ళ నాన్న పేరు చెక్కిస్తాడట. పిల్లలు ఎక్కి ఫోటోలు దిగొచ్చట. నిరుడు అడగడానికి మావయ్య ఇంటికి వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను.

"మీ నాయన పేరు రాయించుకో బాబూ, నాకేటి. నా యాటు మీద వొద్దు," అన్నాడు మావయ్య.

"సోచ్‌కే చెప్పండి అంకుల్. మీ తర్వాత ఇక్కడ చెదలు తినేస్తాయి కదా."

"సెదలు తింటే తిననీ," అన్నాడు ఆయన. అతను వెళ్ళగానే అత్తను పిలిచి, "నేను పోనాక బోర్లా ఏయించు. తిప్పనీకు," అన్నాడు. మావయ్యకూ అత్తకూ పిల్లల్లేరు. ఆయన భయమల్లా అదే, తను పోయాక ఆ యాటు మీద మళ్ళీ వాళ్ళు ఎక్కుతారని.

బోర్లా వెయ్యడమంటే చెప్పాలి. మా తీరంలో పడవ గల మనిషి పోతే, శవం ఇల్లు దాటే ముందు ఆ పడవను ఒడ్డుకు లాగి బోర్లా వేస్తారు. దాన్ని తిరిగి వెల్లకిలా తిప్పినవాళ్ళు అదే రోజు స్వయంగా దాన్ని సముద్రంలోకి తీసుకెళ్ళాలి. తీసుకెళ్ళలేనివాళ్ళు ముట్టుకోకూడదు. క్రైస్తవులమయ్యాక చాలా వదిలేశాం గానీ ఇది వదల్లేదు. పాస్టర్లు మారారు, కొందరు కోప్పడ్డారు, మేం వింటున్నట్టే తలూపి బోర్లా వేస్తూనే ఉన్నాం.

నేను ఆటోలో వెళ్ళేసరికి ఫీనిక్స్ బే నుంచి పోర్టర్లు, ఫెర్రీవాళ్ళు తాళ్ళతో వచ్చేసి ఉన్నారు. మావయ్య చేత తిట్లు తిన్నవాళ్ళే అందరూ. హిందీలో ఒకడు, తమిళంలో ఒకడు, తెలుగులో ఒకడు కూతలేస్తుంటే యాటు పక్కకు లేచి, ఆగి, మెల్లగా బోర్లా పడింది. ఇన్నేళ్ళు కడిగిన లోపలి వైపు నేలకేసి దాగిపోయింది. బయట తారు పూసిన అడుగు మిగిలింది.

కాంట్రాక్టరు కొడుకు అప్పుడు దిగాడు. వెనక లారీ, ఫోటోగ్రాఫరు, మనిషి పొడవు బంతిపూల దండ, దానికి తన పేరు రాసిన మెరుపు రిబ్బను. శవం వైపు ఒకసారి దండం పెట్టి నేరుగా పడవ దగ్గరకు వెళ్ళాడు.

"అరే, ఉల్టా వేసేశారేంటి? ఆంటీ, అంకుల్‌కి సమ్మాన్ చేద్దామని వచ్చాం. జరా సీదా చేయించండి, పేరు కనబడేలా ఒక ఫోటో తీసుకుని లారీలో ఎక్కించేస్తాం."

నాకు నోటి దాకా వచ్చిన మాటలు ఇక్కడ రాయలేను. అత్త నా చెయ్యి నొక్కి లేచింది.

"సీదా సెయ్యి బాబూ. ఎవలొద్దన్నారు? సీదా సేసినోలు ఇయ్యాలే సముద్రంలోకి తీస్కెళ్ళాల. అది మా రివాజు. తెరసాప అటక మీదున్నాది, ఉతికే ఉంది. దించమంటావా? నువ్వెళ్తావా?"

అతను సముద్రం వైపు చూశాడు. గాలి గట్టిగానే ఉంది. "నాకు ఫెర్రీ ఎక్కితేనే కడుపులోది బయటికొచ్చి ఉల్టీ ఆంటీ," అన్నాడు. ఎవరో పోర్టరు తల పక్కకు తిప్పుకుని నవ్వాడు. "మావాళ్ళు ఎవరైనా..."

"మీవోళ్ళు కాదు బాబూ. పేరు ఎవుడిదో ఆడే ఎల్లాల."

అతను ఆ దండను బోర్లాపడిన యాటు అడుగు మీదే వేసి, దాని పక్కన చేతులు కట్టుకుని ఫోటో తీయించుకుని, ఖాళీ లారీతో వెళ్ళిపోయాడు. మట్టి కార్యక్రమానికి ఉండలేదు. ఉండకపోవడమే మేలయింది.

సమాధి దగ్గర ఇప్పటి పాస్టరుగారు ప్రార్థన చిన్నదిగా చేశారు. ఎవరో చెప్పి ఉంటారు. తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నాం, అత్తా నేనూ. నాకు ఉన్నట్టుండి అనుమానం వచ్చి వెళ్ళి, యాటు అంచు కింద తల పెట్టి వాసన చూశాను. కుంకుడు, తడి కర్ర. లేచి వస్తుంటే పక్కింటి మేక ఒకటి వచ్చింది. పడవ చుట్టూ తిరిగి, ముందు కాళ్ళు పైకి వేసి, జారి, మళ్ళీ వేసి, మొత్తానికి ఎక్కేసింది. బంతిపూలు నమలడం మొదలుపెట్టింది.

నేను కర్ర తీశాను.

"ఉండనీయే అమ్మీ," అంది అత్త. "అదైనా ఆకలేసి తింటన్నాది. ఎక్కినదాన్ని దింపకు."

కర్ర కింద పెట్టి కూర్చున్నాను. మేక తీరిగ్గా దండంతా తినేసింది. రిబ్బను నోట్లోకి వస్తే నమిలి చూసి, నచ్చక ఊసేసింది. తర్వాత ఎండ తగిలేలా యాటు మీదే పడుకుని, కళ్ళు మూసుకుంది.